ప్రార్థనయు నాత్మసమర్పణమును: క్రైస్తవ జీవితమునుండి యొక పాఠము

ప్రార్థన యనగా భగవంతుని నడుగుట యని యెల్లవారు నెఱుగుదురు. అడిగినది లభించినప్పుడు కృతజ్ఞత తెలుపుటయు నెల్లవారికి దెలిసినదే. అడిగినది లభింపనప్పుడు ఆ ప్రార్థన యేమైనది? భగవంతుడు వినలేదా? విని నిరాకరించెనా? అడిగినవాని భక్తిలో లోపమున్నదా? లేక యడుగుటయే యజ్ఞానమా? ఈ ప్రశ్నలు పండితునకును దప్పవు, పామరునకును దప్పవు. రోగపీడితుడైన బిడ్డ మంచముచెంత రాత్రియెల్ల మేలుకొని కూర్చున్న తల్లికి నసలే తప్పవు. వీనికి సమాధానము దొరకనివారిలో గొందఱు ప్రార్థనను మానివేయుదురు. మఱికొందఱు మానకయే, దానియందు నమ్మకము లేకయే, పెదవులతో మాత్రము నడపుదురు. ఈ రెండవ స్థితి మొదటిదానికంటె శోచనీయము.

న్యాయవాదవృత్తిలో నున్నవారికి ప్రార్థన యను మాట మఱియొక యర్థమున గూడ బరిచితమైనది. దావా యర్జీ కడపట, వాది తనకు గావలసిన పరిహారములను వరుసగా వ్రాయు భాగమునకు ఆంగ్లన్యాయపద్ధతిలో ‘ప్రార్థన’ యనియే పేరు. వాది మొదట తన హక్కును జెప్పుకొనును. పిదప తనకు గలిగిన యన్యాయమును వర్ణించును. తుదకు నింత భూమి, యింత సొమ్ము, ఖర్చులతో గూడ నిప్పింపవలయునని ప్రార్థించును. న్యాయాధిపతి యట్లు తీర్పు చెప్పినచో గెలుపు, త్రోసివేసినచో నోటమి. మనలో ననేకుల దైవప్రార్థన యీ యర్జీకి నకలుగానే యున్నది. మన పుణ్యమును విన్నవించి, మన కష్టమును వర్ణించి, మన కోరికల జాబితాను జదివి, తీర్పునకై కాచుకొనియుందుము. తీర్పు ప్రతికూలమైనప్పుడు మ్రొక్కుబడి యొకటి యదనముగ జేర్చి పునర్విచారణ కోరుదుము. ఇందు భగవంతుడు మన సంకల్పమును నెరవేర్పవలసిన యధికారిగా నున్నాడే గాని, మన సంకల్పమును శుద్ధిచేయు తండ్రిగా లేడు.

యేసుక్రీస్తు బోధించి యాచరించిన ప్రార్థన యిట్టిది గాదు. రాజా రామమోహన రాయలు 1820లో యేసు ఉపదేశములను సంపుటీకరించి కలకత్తాలో బ్రకటించినప్పుడు, అద్భుతక్రియలను గూర్చియు, క్రీస్తు దైవత్వమును గూర్చియు శ్రీరామపుర మిషనరీలకును ఆయనకును తీవ్రమైన వాదము జరిగెను. ఆ వాదమునందు మన మెవరి పక్షమున నున్నను, ప్రార్థన విషయమున గ్రైస్తవభక్తులు తమ జీవితములచే జూపిన మార్గము విచారింపదగినది. అందు గోరుటయు సమర్పించుటయు రెండును గలవు. ఆ రెంటికి గల సంబంధమేమో, సమర్పణము పేరిట జరుగు మోసమేదో, ఈ వ్యాసమున గొన్ని యుదాహరణములచే విచారింతము.

1. యేసు నేర్పిన క్రమము

స్నానికుడగు యోహాను తన శిష్యులకు నేర్పినట్లు తమకును ప్రార్థించుట నేర్పుమని శిష్యులలో నొకడు యేసు నడిగినట్లు లూకా సువార్త పదునొకండవ యధ్యాయమున నున్నది. అప్పుడాయన నేర్పిన చిన్న ప్రార్థనయే మత్తయి సువార్త యాఱవ యధ్యాయమున మఱికొంత విపులముగా గానవచ్చును. తమలో నెన్నియో భేదములున్నను క్రైస్తవ సంఘములన్నిటికి నిది సామాన్యధనము.

దాని కూర్పును బరిశీలింపుడు. మొదట సంబోధనము: దేవుని దండ్రి యని పిలుచుట. పిదప మూడు విన్నపములు: ఆయన నామమునకు బవిత్రత, ఆయన రాజ్యమునకు రాక, ఆయన సంకల్పమునకు భూలోకమున సిద్ధి. ఈ మూడింటిలో నడుగువాని స్వంత లాభము లేశమును లేదు. ఆ తరువాతనే యడుగువాని యక్కఱలు వచ్చును: ఆనాటికి జాలిన యాహారము, చేసిన యపరాధములకు క్షమ, శోధననుండి రక్షణము. దావా యర్జీలో మన కోరిక యే స్థానమున నున్నదో, ఇందు దేవుని సంకల్పము దానికి బూర్వస్థానమున నున్నది. సమర్పణము ప్రార్థన విఫలమైన పిదప జెప్పుకొను నోదార్పు మాట కాదు. ప్రార్థన యారంభమగు ద్వారమే యది.

ఇంకొక విశేషము గలదు. ఈ ప్రార్థనయందు ‘నేను’ ‘నా’ యను మాటలు లేవు. అంతటను ‘మేము’ ‘మా’ యనియే యున్నది. గది తలుపు మూసికొని యొంటరిగా బ్రార్థింపుమని చెప్పిన యేసే, ఆ యొంటరివాని నోట బహువచనము నుంచెను. దీని ఫలితమును యోచింపుడు. పొరుగువాని చేను నాకు రావలెనని కోరదలచినవాడు ఆ కోరికను ‘మా’ యను మాటలో నెట్లు చేర్చగలడు? ఆ పొరుగువాడును ఆ ‘మా’లో నున్నాడు గదా! ఆహారము నడుగునప్పుడు నా యింటి గాదెకు మాత్రమే యడుగుటకు వీలులేదు. మా పాలేరు కుండలోని గంజిని గూర్చియు నడిగినట్లే యగును. కొన్ని కోరికలు ఈ వ్యాకరణమునందు నిలువజాలక తమంతట తామే రాలిపోవును.

మన యక్కఱలు మన మడుగకమునుపే తండ్రికి దెలియునని కూడ యేసు చెప్పియున్నాడు. అట్లయిన నడుగుట యేల? దేవునికి దెలియజేయుటకు గాదు. మన కోరికను ఆయన యెదుట నుంచి మనమే చూచుటకు. చీకటి గదిలో మడిచిపెట్టిన వస్త్రమునకు మఱక యున్నదో లేదో తెలియదు. ఎండలో బఱచినప్పుడు తెలియును. కోరికను దాచుకొన్నవానికి సమర్పించుటకు నేమియు నుండదు.

2. గెత్సేమనే తోట

యెరూషలేము పట్టణమునకు దూర్పున, కెద్రోను లోయ కావలియొడ్డున, ఒలీవలకొండ పాదమున గెత్సేమనే యను తోట యుండెను. ఆ మాటకు నూనెగానుగ యని యర్థము. అప్పగింపబడిన రాత్రి యేసు శిష్యులతో నచ్చటికి వచ్చి, ముగ్గురిని మాత్రము వెంట దీసికొని కొంచెము లోనికి బోయెను. తరువాత జరిగినదానిని మత్తయి మార్కు లూకాలు మువ్వురును వ్రాసియున్నారు. మన ప్రసంగమునకు ముఖ్యములైన యంశములు నాలుగు.

మొదటిది: ఆయన తన దుఃఖమును దాచలేదు. తనకు బ్రాణాంతకమైన వేదన గలిగినదని స్నేహితులతో జెప్పి, తనతో మేలుకొనియుండుడని వేడెను. సుఖదుఃఖములు తన్నంటవని ప్రకటించు విరాగి ధోరణి యిందు లేదు. రెండవది: ఆయన స్పష్టముగా నడిగెను. తన యెదుటనున్న పాత్ర తొలగింపబడవలెనని తండ్రిని గోరెను. దైవసంకల్పమునకు లోబడువాడు కోరికయే లేనివాడుగా నుండవలెనని చెప్పువారికి ఇదియే ప్రత్యుత్తరము. మూడవది: అడిగినదానిని దండ్రి చేతిలో విడిచెను, తన యిచ్ఛకు మాఱుగా దండ్రి యిచ్ఛయే సాగనిమ్మని చెప్పెను. మత్తయి మార్కుల కథనము ననుసరించి, ఆయన మఱల మఱల లేచి పోయి వచ్చి మూడుమార్లిట్లు ప్రార్థించెను. సమర్పణము దస్తావేజుపై నొకమాఱు చేయు సంతకము వంటిది కాదనుటకు నింతకంటె నిదర్శనమేమి కావలెను? మొదటి ప్రార్థనతోనే మనస్సు సమాధానపడనివాడు భక్తిహీనుడనుటకు వీలులేదు.

నాలుగవది మనము తఱచుగా మఱచునది. ప్రార్థన ముగియగానే యాయన నిద్రించుచున్న శిష్యులను లేపి, తన్ను బట్టుకొన వచ్చుచున్నవారి కెదురుగా నడచెను. పాత్ర తొలగలేదు, త్రాగుటకు బలము వచ్చెను. సమర్పణమునకు బర్యవసానము కూలబడుట కాదు, లేచి నిలుచుట.

అపొస్తలుడగు పౌలు చరిత్రలోను నిట్టిదే కలదు. తన శరీరమునందొక ముల్లున్నదనియు, దానిని దొలగింపుమని ముమ్మాఱు ప్రార్థించితిననియు, తొలగింపునకు బదులుగా భగవత్కృప చాలునను ప్రత్యుత్తరము వచ్చినదనియు నాయన కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రికలో జెప్పుకొన్నాడు. ఆ ముల్లేమో యాయన చెప్పలేదు. చెప్పకుండుటయే మేలైనది, ఎవరి ముల్లు వారి కందు గనబడును.

3. మోనికా కన్నీరు

అడిగినది లభింపని ప్రార్థనకు మఱియొక సాక్ష్యము ఆఫ్రికా యుత్తరతీరమునుండి వచ్చినది. తగాస్తె పట్టణపు మోనికా భక్తురాలు. ఆమె కుమారుడు అగస్టీను కుశాగ్రబుద్ధి, అలంకారశాస్త్రోపాధ్యాయుడు. అతడు తల్లి మతమును విడిచి మానీమతావలంబియై, వివాహము లేని సంసారమును సాగించుచుండెను. తల్లి యేండ్ల తరబడి యతనికై కన్నీటితో బ్రార్థించెను.

383లో అగస్టీను కార్తేజినుండి రోమునకు బోవ నిశ్చయించెను. తల్లి యతనిని విడువక రేవువఱకు వెంబడించెను. గాలి యనుకూలించువఱకు స్నేహితునికి దోడుగా నుందునని యబద్ధమాడి, ఆమెను రేవుచెంతనున్న కిప్రియాను మందిరమున రాత్రి గడపునట్లొప్పించి, అతడు చీకటిలో నోడ నెక్కిపోయెను. ఆ రాత్రియంతయు నామె ప్రార్థించినదేమి? కుమారుడు సముద్రయానము చేయకుండుటయే. తెల్లవాఱునప్పటికి నోడ లేదు, కుమారుడు లేడు.

దావా యర్జీ ప్రమాణముచే జూచినచో నా ప్రార్థన త్రోసివేయబడినది. కాని యా ప్రయాణమే యతనిని రోమునుండి మిలానునకును, అచ్చటి ధర్మాధ్యక్షుడగు అంబ్రోసు సన్నిధికిని జేర్చెను. 386లో మిలానులో నతని మనస్సు మాఱెను; 387 ఈస్టరునాడు బాప్తిస్మము పొందెను. ఆ సంవత్సరముననే, స్వదేశమునకు మరలి పోవుచు, ఓస్తియా రేవులో మోనికా మరణించెను. పిమ్మట నాలుగవ శతాబ్దము చివరి వత్సరములలో దన యాత్మచరిత్ర వ్రాయుచు అగస్టీను ఈ సంగతిని విమర్శించినాడు. తల్లి యెల్లప్పుడు కోరినదానిని నెరవేర్చుటకే, ఆ రాత్రి కోరినదానిని దేవుడు నిరాకరించెనని యతని సిద్ధాంతము.

ఇందొక హెచ్చరిక చెప్పక తీఱదు. ప్రతి నిరాకరణమునకు నిట్టి సుఖాంతము మన కన్నులకు గనబడునని తలంపరాదు. బిడ్డను గోల్పోయిన తల్లితో నంతయు మేలుకేయని యితరులు పలుకుట క్రూరత్వము. అగస్టీను ఆ మాట తన తల్లినిగూర్చి, తన తప్పునుగూర్చి, తానే చెప్పెను. అట్టి మాట చెప్పుటకు ననుభవించినవారికే యధికారము. ఈ భేదమును మనస్సున నుంచుకొనుడు. ముందు మఱల దీని పనిబడును.

4. దస్తావేజులేఖరి జాన్ ఉల్మన్

ప్రాచీనుల కథలు చాలును. మన జీవనమునకు సమీపమైన యొక గృహస్థుని జూతము. జాన్ ఉల్మన్ 1720లో అమెరికాయందలి న్యూజెర్సీలో క్వేకరు కుటుంబమున జన్మించెను. ఆనాటి క్వేకరులకు బురోహితులు లేరు, నియతమైన స్తోత్రపాఠము లేదు. సమాజమందిరమున నందఱు మౌనముగా గూర్చుండి, అంతరాత్మయందు దైవప్రేరణ కలుగువఱకు గనిపెట్టియుండెడివారు. ప్రేరణ కలిగినవాడు లేచి మాటలాడెడివాడు. వారి ప్రార్థనలో జెప్పుటకంటె వినుట యధికము. ఈ మౌనమునందే ఉల్మన్ పెరిగెను.

ఇరువది యొకటవ యేట మౌంట్ హాలీ యను నూరిలో నొక వర్తకుని యంగడిలో గుమాస్తాగా జేరెను. అక్షరజ్ఞానము గలవాడగుటచే దస్తావేజులు వ్రాయు పనియు నతనిపై బడెను. ఒకనాడు యజమానుడు తన యింటనున్న యాఫ్రికాజాతి బానిసస్త్రీ నమ్మి, ఆమెకు గ్రయపత్రము వ్రాయుమని హఠాత్తుగా నాజ్ఞాపించెను. కొనువాడు వారి సమాజమునకే చెందిన వృద్ధుడు, ఎదుట వేచియున్నాడు. ఉల్మన్ మనస్సు కలత పడెను. అయినను, ఏడాది జీతమునకు గుదిరినవాడు, చెప్పినది యజమానుడు, కొనువాడు మంచివాడు, అందుచే వ్రాసెను. కాని వ్రాసిన తరువాత యజమానునితోను ఆ వృద్ధునితోను, బానిసలను గలిగియుండుట క్రైస్తవధర్మమునకు విరుద్ధమని తాను నమ్ముచున్నట్లు చెప్పెను. చెప్పినను భారము పూర్తిగ దీఱలేదు. మఱికొంతకాలమునకు నింకొకడు వచ్చి యట్టి పత్రమునే వ్రాయుమనగా, వ్రాయజాలనని యతడు స్నేహభావముతో జెప్పివేసెను.

దస్తావేజులతో దినము గడపు మనకు 1756 ప్రాంతమున జరిగిన సంగతి విశేషముగా నాలోచింపదగినది. పొరుగువా డొకడు దెబ్బతగిలి మంచము పట్టి, ఉల్మన్‌ను బిలిపించి వీలునామా వ్రాయుమనెను. ఆస్తి విభాగములతోపాటు, తన యొద్దనున్న బానిసపిల్ల యే బిడ్డకు జెందవలెనో కూడ జెప్పెను. రోగి బాధలో నున్నాడు; వాదమునకు సమయము గాదు. ఉల్మన్ ఆ భాగమును మాత్రము విడిచి తక్కిన వీలునామా నంతయు వ్రాసి, మంచముకడకు దెచ్చి, తోడిమానవులను బానిసలుగా జేయు పత్రమును వ్రాసినచో దన మనస్సునకు శాంతి యుండదని మెల్లగా దెలిపెను. వ్రాసినదానికి గూలి వలదనెను. మిగిలిన భాగమునుండి తన్ను మన్నింపుమనెను. ఇరువురును చాలసేపు మాటలాడుకొనిరి. తుదకు నా రోగి యామెను విడుదల చేయుట కొప్పుకొనెను. అప్పుడు ఉల్మన్ వీలునామాను బూర్తిచేసెను. కోపము లేదు, ఉపన్యాసము లేదు. కలము మాత్రము కదలలేదు.

ఈ స్థైర్య మెచ్చటినుండి వచ్చెను? మౌనప్రార్థనలో దన లాభమును సమర్పించుటనుండి. వర్తకము వృద్ధియగుచుండగా, అది తన మనస్సును జిక్కులలో బెట్టుచున్నదని గ్రహించి దానిని దగ్గించుకొని, దర్జీపనిచేతను పండ్లతోటచేతను జీవించెను. దక్షిణప్రాంతములలో బర్యటించునప్పుడు బానిసల సేవతో నడచు గృహములలో నాతిథ్యము పొందినచో, ఆ సేవకు మూల్యమును వెండినాణెములతో జెల్లించి పోవుచుండెను.

1758లో ఫిలడెల్ఫియా వార్షికసభలో బానిసత్వవిషయము చర్చకు వచ్చెను. బానిసత్వము మంచిదని బాహాటముగ సమర్థించినవారు లేరు. కాని కొందఱు, మనము సహనముతో నుందము, ప్రభువే కాలాంతరమున మార్గము తెఱచును అనిరి. గమనింపుడు: ఇది యెంత భక్తియుక్తమైన వాక్యము! సమర్పణభాషయే యిది. ఉల్మన్ లేచి, అణగద్రొక్కబడినవారి మొఱలు దేవుని సన్నిధి జేరినవనియు, మన కర్తవ్యము నింత స్పష్టముగా దెలిపిన పిదప, కొందఱి స్వలాభమునకై యాలస్యము చేయుచు దేవుడేదో యద్భుతముచే వారిని విడిపించునని కనిపెట్టుట తగదనియు జెప్పెను. సభ మనసు మాఱెను. బానిసలు గల సభ్యుల యిండ్లకు బోయి హితవు చెప్పుటకు గొందఱిని నియమించిరి. వారిలో ఉల్మన్ యొకడు. ఇంటింటికి దిరిగి, భుజించి, మౌనముగా గూర్చుండి, మాటలాడి, ఏండ్ల తరబడి యీ పని సాగించెను. అతడు 1772లో ఇంగ్లండునందలి యార్కు పట్టణమున మశూచిచే మరణించెను. 1776లో ఫిలడెల్ఫియా వార్షికసభ, బానిసలను విడువనివారికి సభ్యత్వము లేదని శాసించెను.

మరణమునకు రెండున్నర యేండ్లకు బైగా బూర్వము అతనికి బ్రాణాపాయమగు రొమ్మునొప్పి వచ్చెను. ఆ జ్వరములో దన పేరే మఱచిపోయెనట. మహాదుఃఖములో నున్న మానవసమూహ మొకటి బూడిదవర్ణపు రాశివలె గనబడి, తానును వారిలో గలిసిపోయితిననియు, ఇకమీదట దన్ను వేఱుగా నెంచుకొనరాదనియు దెలిసెను. తరువాత, జాన్ ఉల్మన్ మరణించెనని పలుకు మధురస్వర మొకటి వినబడెను. పిమ్మట గనులలో గ్రైస్తవ యజమానులకై త్రవ్వుచు, క్రీస్తు పేరు దూషించుచున్న దీనులు కనబడిరి. వారిని బీడించువారు క్రీస్తు భక్తులమని చెప్పుకొనుటయే యా దూషణకు గారణము. మేలుకొన్న పిదప, ఆ స్వరము చెప్పిన మరణము తన శరీరమునకు గాదనియు, తన స్వేచ్ఛాసంకల్పమునకే యనియు నతడు గ్రహించెను. స్వసంకల్పము చచ్చినచోట నతనికి గనబడినది శూన్యము కాదు, పరుల దుఃఖము.

5. ఒక యాక్షేపణము

ఇచ్చట విద్యావంతుడైన చదువరి యొక యాక్షేపణము చేయవచ్చును. దైవసంకల్పమునకు లోబడుడను బోధయే గదా లోకమున దౌర్జన్యమునకు బట్టుగొమ్మ? అమెరికాలో బానిసల యజమానులు తమ బోధకులచే బానిసలకు విధేయతను బోధింపలేదా? మన దేశమున జిన్ననాటనే భర్తను గోల్పోయిన బాలికకు నది యీశ్వరేచ్ఛ యని చెప్పి, తల గొఱిగించి, మూలగదిలో గూర్చుండబెట్టలేదా? అంటరానివారని దూరముంచినవారికి వారి పూర్వకర్మమును జెప్పి నోరు మూయింపలేదా? ఇట్టి సమర్పణముకంటె దిరుగుబాటు మేలు గదా!

ఆక్షేపణము సత్యమైనది. దానిని ద్రోసివేయరాదు, దానిచేతనే మన సిద్ధాంతమును శోధింపవలెను. పైన జెప్పిన యుదాహరణము లన్నిటిలో సమర్పింపబడిన యిచ్ఛ యెవరిది? గెత్సేమనేలో యేసు తన పాత్రను దానే యంగీకరించెను. ఇతరుల పాత్రలను వారు త్రాగునట్లు చేయలేదు. ఇతరుల రోగములు దైవేచ్ఛ యని చెప్పి వారిని బంపివేయక, స్వస్థపఱచెను. మోనికా తన కోరికను విడిచెను. ఉల్మన్ తన లాభమును, తన కలమును, తన సౌఖ్యమును సమర్పించెను. 1758 నాటి సభలో సహనము బోధించినవారు సమర్పింపజూచినది తమ యిచ్ఛను గాదు, బానిసల స్వేచ్ఛను. అందే సమస్త భేదమును గలదు. తన యిచ్ఛను దేవునికి సమర్పించుట యుపాసన. పరుని యిచ్ఛను వాని పక్షమున దానే సమర్పించుట యపహరణము. ఇతరుని స్థిరాస్తిని దానపత్రముచే దేవాలయమునకు వ్రాసియిచ్చినవానిని న్యాయస్థానము దాత యనదు.

1881 డిసెంబరు 11వ తేదీని రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతువివాహమును జరిపించినప్పుడు, ఈశ్వరేచ్ఛకు విరోధముగ నడచుచున్నారని యనేకులు దూషించిరి. ఆ దూషించినవారిలో దాము చెప్పిన యీశ్వరేచ్ఛ భారమును దమ శిరస్సున మోసినవా రెందఱు? మోయువారు వేఱు, బోధించువారు వేఱు. సమర్పణము నిజమైనదో కపటమో తెలిసికొనుటకు నీ ప్రశ్న యొక్కటి చాలును: దీని వ్యయము నెవరు భరించుచున్నారు?

అట్లయిన, నాలో గలిగిన ప్రేరణ భగవంతునిదో నా మనోవికారమో తెలియుట యెట్లు? దీనికి గొలబద్ద పూర్ణముగా నెవరును జెప్పలేరు. అయినను క్వేకరు భక్తుల యాచారములో నుపయోగకరములైన పరీక్షలు కలవు. ప్రేరణ కలుగగానే పరుగెత్తక నిలిచి చూచుట. నిలిచినకొలది యది చల్లాఱినచో మోహముగాను, నిలుకడ గొన్నచో విధిగాను నెంచుట. తోడి సభ్యుల యెదుట దాని నుంచి వారి వివేకమున కప్పగించుట. దేశాంతరమునకు బోయి బోధింపవలెనని ప్రేరణ కలిగినప్పుడు సైతము ఉల్మన్ తన సంఘసభ యనుమతిపత్రము లేక బయలుదేఱుట లేదు. దేవునికి లోబడితినని చెప్పుచు మనుష్యుల విమర్శకు లోబడనివానిని నమ్మరాదు.

6. అభ్యాసము

ఇంతవఱకు జెప్పినది సిద్ధాంతముగా నిలిచిపోయినచో ఫలము లేదు. ప్రతిదినము సాగింపదగిన క్రమమును సంగ్రహముగా దెలిపెదను.

ప్రాతఃకాలమున, కచేరీ కాగితములు విప్పకమునుపు, పావుగంట యేకాంతముగా గూర్చుండవలెను. మొదట మన హృదయములోనున్న కోరికను ఉన్నదున్నట్లు చెప్పవలెను. పదవి కోరుచున్నచో బదవి యనియే చెప్పుడు. దానికి దేశసేవ యని పేరు పెట్టవలదు. శత్రువునిపై గోపమున్నచో గోపమనియే చెప్పుడు. సర్వజ్ఞుని యెదుట ముసాయిదాను సవరించుటవలన బ్రయోజనము లేదు. పిదప నా కోరికను ‘మా’ యను మాటలోనికి మార్చి చూడవలెను. నా కుమారునికి విద్య కావలెనని యడిగితినా, మా యింట బాత్రలు తోము బాలునికి నది వలదా? మా కుటుంబమునకు క్షేమమని యడిగితినా, మా శిస్తు చెల్లింపజాలని రైతు కుటుంబ మెచ్చట నున్నది? ఈ మార్పిడిలో నిలిచిన కోరికను ధైర్యముతో నడుగుడు. నిలువనిదానిని నచ్చటనే విడువుడు.

తరువాత మౌనము. ఇదియే మనకు మిక్కిలి కష్టము. వాదించుటకు శిక్షణ పొందిన నాలుక ప్రత్యుత్తరము వినక మునుపే ప్రతివాదము సిద్ధపఱచును. మొదటి దినములలో నీ మౌనమున వ్యవహారములును, బాకీలును, నిన్న వినిన యవమానపు మాటలును దప్ప వేఱొకటి వినబడదు. నిరుత్సాహపడవలదు, వానినే యొక్కొక్కటిగా బరమేశ్వరుని చేతిలో నుంచుడు. నేడు విడిచినది రేపు మఱల మన చేతిలోనే కనబడును, మఱల విడువుడు. గెత్సేమనేలో మూడుమార్లు కావలసివచ్చినది మనకు మున్నూఱు మార్లు కావలసివచ్చుట యాశ్చర్యము గాదు.

కడపట, లేచుట. ప్రతి ప్రార్థన తుదను ఆ దినమున జేయదగిన యొక్క పనిని నిశ్చయించుకొనవలెను. అది చిన్నదైనను నష్టము లేదు. మనకు గొంత వ్యయము గలదిగా నుండవలెను. వ్రాయగూడని పత్రమును వ్రాయననుట కావచ్చును. పట్టరాని వ్యాజ్యమును బట్టననుట కావచ్చును. గడువు కోరిన బీదవానికి గడువిచ్చుట కావచ్చును. ఇంటి విధవరాలి యిచ్ఛను మొట్టమొదటిసారిగా నడిగి తెలిసికొనుట కావచ్చును. అట్టి పని యొకటియు బుట్టింపని ప్రార్థనలో సమర్పణము జరిగినదో లేదో సంశయింపవలసియున్నది.

పరమేశ్వరుడు మన యర్జీలను జదివి తీర్పు చెప్పుటకు మాత్రమే పీఠముపై గూర్చుండినవాడు కాడు. మనకు వలసినదానిని మనకంటె బాగుగా నెఱిగినవాడు. మన చేతులద్వారా నితరులకు వలసినదానిని సమకూర్పదలచినవాడు. ఆయన చేతిలో మన యిచ్ఛను బెట్టినచో మనము బలహీనులమగుదుమను భయము వలదు. లోకము నెదిరించి న్యాయము చేసినవారిలో బెక్కుమంది, మొదట నేకాంతమున దమ యిచ్ఛను విడిచినవారే. రేపటి ప్రాతఃకాలమున నడుగుడు, విడువుడు, లేవుడు. పరమేశ్వరుడు మనకందఱకు నందులకు దగిన బలమును బ్రసాదించుగాక!